రెండో డిప్పు, ఏడో లెవెల్

మొదటి పోస్టుకార్డు వచ్చిన రోజు మా ఇంటామె దాన్ని కరెంటు బిల్లుతో కలిపి టీవీ పక్కన పెట్టి మరిచిపోయింది. సాయంత్రం నేను చూశాను. పైన క్షేమం లేదు, కింద సంతకం లేదు. మధ్యలో ఒకే వరుస: ‘బంటు. 5 డిప్పు, 4 లెవెల్.’

ఆ కోడిగీతల రాతను గుర్తుపట్టడానికి నాకు సంతకం అక్కర్లేదు. అది మా బావది. మా అక్క భర్త. తొమ్మిదేళ్లుగా నాతో మాట మానేసిన మనిషి. నేనుండేది గోదావరిఖనిలో, ఆయనుండేది బెల్లంపల్లిలో. ఇద్దరం అప్పటికే రిటైరయ్యాం. పొద్దు పోని ఇద్దరు ముసలివాళ్ల మధ్య ఆ కార్డుతో చదరంగం ఆట మొదలైంది. ఆ ఆటను ఇప్పుడు మళ్లీ మొదటి నుంచి పేర్చుకుని చూస్తూ ఇది రాస్తున్నాను.

ఆ వరుసను కాస్త విప్పి చెప్పాలి. గనిలో బొగ్గునంతా ఒక్కసారి తవ్వెయ్యరు. పైకప్పు ఆగడానికి చదరం చదరంగా స్తంభాలు వదిలి, వాటి మధ్య దారులు తీస్తారు. కిందికి దిగే దారులు డిప్పులు, అడ్డంగా పోయేవి లెవెళ్లు. అన్నిటికీ నంబర్లుంటాయి. ఫలానా మనిషి ఎక్కడంటే ‘మూడు డిప్పు, పన్నెండు లెవెల్’ అంటాం. గని నక్షా చూస్తే అచ్చం చదరంగం బల్లలా ఉంటుంది. అందుకని బల్ల మీద నిలువు వరుసలు మాకు డిప్పులు, అడ్డ వరుసలు లెవెళ్లు. తెల్లపావుల వైపు నుంచి, ఎడమ మూలలో మొదలుపెట్టి లెక్క. లోకమంతా ఇంగ్లీషు అక్షరాలతో రాసుకునే ఎత్తును మేమిద్దరం ఇలా రాసుకుంటాం. ప్రపంచంలో ఇంకెవరైనా ఇలా రాస్తారా అంటే అనుమానమే.

ఈ ఆట మాకు నేర్పింది లాంప్ రూములో పనిచేసే ఒక చాచా. టోపీ దీపాలు ఇచ్చి పుచ్చుకునే కిటికీ వెనుక ఆయన రాజ్యం. తెగిపోయిన కన్వేయర్ బెల్టు రబ్బరు ముక్క మీద సున్నంతో గళ్లు గీసి పెట్టుకున్నాడు. పావులు మా బావ చెక్కినవి. కప్పు కూలకుండా పోటుపెట్టే దుంగల చివర్లు కోయగా మిగిలిన ముక్కల్లోంచి ఏనుగులను, ఒంటెలను తీశాడు. ఆయన చెక్కిన గుర్రం మేకలా ఉండేది. ఆ మాట అంటే అలిగేవాడు. ఫస్ట్ షిఫ్టు దిగేముందు ఇరవై నిమిషాలు, పైకొచ్చాక ఒళ్లు కడుక్కోకముందు ఇంకో ఇరవై నిమిషాలు, ముఖాల నిండా మసితో ఆడేవాళ్లం. చాచా హైదరాబాదులో ఉన్న తన మేనత్త కొడుకుతో కార్డుల మీద ఆట ఆడేవాడు. ఒక్కో ఆట ఏడాది, ఏడాదిన్నర. ‘కార్డు డబ్బాల పడ్డదంటే ఎత్తు అయిపోయినట్టే బేటా, ఇంక ఖుదా గూడ వాపస్ తియ్యలేడు’ అనేవాడు. ఆ సూత్రం మా ఇద్దరి చెవుల్లోనూ పడింది.

ఆ రోజులు నా జీవితంలో మంచి రోజులు. అప్పుడు తెలియలేదు. కాళ్లు నొప్పులనీ, సెకండ్ షిఫ్టు పడిందనీ, క్వార్టరుకు నీళ్లు రాలేదనీ రోజూ ఏదో ఒకటి గొణుక్కుంటూనే ఉండేవాణ్ని.

ఇక గొడవ. నేను మైనింగ్ సర్దార్‌ని. షిఫ్టులో నా జాగాలో కప్పు ఎలా ఉంది, సపోర్టులు ఎలా ఉన్నాయి, మనుషులు ఎక్కడ తిరుగుతున్నారు అని చూడడం, షిఫ్టు అయ్యాక రిపోర్టు బుక్కులో చూసింది చూసినట్టు రాయడం నా పని. బావ టింబర్‌మన్, కప్పుకు దుంగలు నిలబెట్టేవాడు. ఇంట్లో ఆయన పెద్ద, గనిలో నేను పెద్ద. ఈ లెక్క ఎప్పుడూ కొంచెం ఇబ్బందిగానే ఉండేది. బొగ్గు తీసేశాక ఆ చోటును కూలిపోనిస్తారు. దాన్ని గోఫ్ అంటాం. దాని ముందు అడ్డంగా కంచె కడతాం. కంచె అవతలికి దేవుడు పిలిచినా పోకూడదు. ఒకరోజు బావ అవతల మరిచిపోయిన గొడ్డలి కోసం పోయాడు. రెండు నిమిషాలు. చీకట్లో ఆయన టోపీ దీపం ఆ వైపు కదలడం నేను చూశాను. గొడ్డలి భుజాన వేసుకుని, ఏం కాలేదన్నట్టు నవ్వుకుంటూ వచ్చాడు. కప్పు ఆ రోజు కూలలేదు. కూలి ఉంటే ఈ తగాదా ఉండేది కాదు, బావా ఉండేవాడు కాదు.

నేను బుక్కులో రాశాను. పేరు, టైము, చోటు. సంతకం పెట్టి, ఆయన స్కూటరు వెనకే కూర్చుని ఇంటికొచ్చాను. దారిలో మిర్చి బజ్జీలు ఇప్పించాడు. తిన్నాను. చెప్పలేదు.

నాలుగు రోజుల తర్వాత ఛార్జిషీటు ఆయన చేతికందింది. సస్పెన్షన్, ఆపైన బెల్లంపల్లికి బదిలీ, భూమి మీద పని. భూమి కింద పులిలా తిరిగిన మనిషిని గోదాములో కూర్చోబెట్టారు. మా ఇంటి ముందుకొచ్చి ఒక్క మాట అన్నాడు: “మంచిగ రాసినవ్ బామ్మర్ది.” అదే ఆఖరు. తర్వాత ఆయన బిడ్డ పెళ్లయింది. మేనమామను నేను, పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి ఎత్తుకురావలసినవాణ్ని. నాకు పిలుపు రాలేదు. గంప ఎవరో వరసకు మామ అయ్యే మనిషి ఎత్తాడట. ఆ రోజు నేను లీవు పెట్టలేదు, డ్యూటీకే పోయాను. ఇంట్లో ఉంటే మా ఇంటామె ముందు ఏడ్చేవాణ్ని.

అందుకే ఆ కార్డును చొక్కా జేబులో దాచుకున్నాను. ఆట కాదు నాకు కావలసింది. బావ మళ్లీ నన్ను బామ్మర్దీ అని పిలవాలి. అక్క తన పుట్టింటివాణ్ని తన ఇంట్లో కూర్చోబెట్టి అన్నం పెట్టాలి. కార్డులు ఆగిపోతే ఆ దారి కూడా మూసుకుపోతుంది. కాబట్టి గెలవాలని ఆడలేదు. ఆగిపోకూడదని ఆడాను. చదరంగంలో ఇంతకంటే చెడ్డ ఉద్దేశం ఉండదని ఇప్పుడు తెలుస్తోంది.

మొదటి ఎత్తు ఆయనది కాబట్టి తెల్లపావులు ఆయనవి, నల్లవి నావి. నేను రాజు ముందరి బంటును ఎదురుగా రెండు గళ్లు తోశాను. అది అందరూ వేసే ఎత్తే. పది రోజులకు రెండో కార్డు: ‘బంటు. 6 డిప్పు, 4 లెవెల్.’ రాజు పక్కనున్న బంటును తెచ్చి నా నోటి ముందు పెట్టాడు. కొట్టుకో అని. ఇది పాత ఆరంభం, పౌరుషం గల ఆరంభం. బంటు ఉత్తపుణ్యానికిస్తాడు, బదులుగా నడిమి గళ్లు ఆక్రమిస్తాడు, తన రాజునూ కాస్త ఎండకు పెడతాడు. గనిలోనూ ఆయన అంతే, ముందు దూరి తర్వాత ఆలోచించే రకం.

కొట్టడమే సరైన ఎత్తు. ఇప్పుడు మా మనవరాలి ఫోనులోని చదరంగం యంత్రాన్ని అడిగినా అదే చెప్తోంది. కొట్టి, ఆ బంటును కాపాడుకుంటూ కూర్చుంటే తెల్లపావుల వాడికే కష్టం. నేను పదకొండు రోజులు ఆలోచించి కొట్టలేదు. తొమ్మిదేళ్లు మాట్లాడని మనిషి ఊరికే ఏదైనా ఇస్తాడా? లోపల ఏదో ఉంటుందని అనుమానం. ‘బంటు. 4 డిప్పు, 6 లెవెల్’ అని రాసి పంపాను. ఒక గడి, ఒకే ఒక్క గడి. ఉన్న బంటుకు ఇంకో బంటు పోటు. సర్దార్ బుద్ధి. అలా చేయడం వల్ల రాజు పక్కనున్న నా ఒంటెకు దారి నేనే మూసేసుకున్నాను. పాపం ఆ ఒంటె పది ఎత్తుల దాకా ఇంట్లోంచి బయటికి రాలేదు.

మా ఇద్దరి ఊళ్ల మధ్య బస్సులో పోతే రెండు గంటలు. గోదావరి వంతెన దాటి, శ్రీరాంపూర్ మీదుగా మంచిర్యాల పోయి మారితే చాలు. కార్డుకు మాత్రం నాలుగు రోజులు పట్టేది, ఒక్కోసారి వారం. ఈ కాలంలో కార్డు రాసేవాడు లేడు కాబట్టి పోస్టుమన్ నన్ను వింతగా చూసేవాడు. “ఏంది కాక, ఏమన్న సర్వే నంబర్లా ఇవి?” అని అడిగాడు ఒకసారి. భూమి తగాదా అనుకున్నాడు. ఔను బిడ్డా, అలాంటిదే అన్నాను.

నడిమి ఆటంతా నేను దెబ్బలు కాచుకోవడమే. బావ గుర్రాన్నీ ఒంటెనూ తెచ్చి నా రాజు మీద గురిపెట్టాడు. పద్నాలుగో ఎత్తులో గుర్రాన్నే బంటుకిచ్చి నా కోట గోడ కూలగొట్టాడు. ఆ కార్డు చూసి నేను కోపంతో బోర్డు ఎత్తి మంచం కిందికి తోశాను. రెండు రోజులు దాని ముఖం చూడలేదు. మూడో రోజు చూస్తే గుర్రం నాకు మిగిలింది, రాజుకు చొక్కా మిగల్లేదు. అక్కడి నుంచి ప్రతి ఎత్తూ కత్తి మీద సామే. నిజం చెప్పాలంటే ఆ నెలల్లో నేను ఆగిపోకూడదని ఆడడం మరిచిపోయాను. గెలవాలని ఆడాను. ఒళ్లు వేడెక్కింది. పాలప్యాకెట్టుకు పోతూ కూడా ఏనుగును ఎక్కడ పెట్టాలా అని నడిచేవాణ్ని.

అక్క చాటుగా ఫోన్ చేసేది. “తమ్మీ, మీ బావ పొద్దుగాల లేసి దర్వాజ కాడ కుర్చీ ఏసుకుంటుండురా. పోస్టోడు రాకపోతే తిండి సయిస్తలేదు. జల్ది ఎయ్యి నీ ఎత్తు.” 

“నా గురించి ఏమన్న అన్నడా?” అని అడిగేవాణ్ని.

“ఏమంటడు? ‘గట్టిగనే ఆడుతుండు’ అన్నడు మొన్న. గోడకు చెప్పినట్టు చెప్పిండు.”

ఆ మాటకే నేను పొంగిపోయాను.

ఇరవై ఆరో ఎత్తుకు ఆట ఇలా ఉంది. బావ మంత్రి నట్టనడుమ, 5 డిప్పు 4 లెవెల్ మీద నిలబడి రెండు వైపులా చూస్తోంది. ఒకవైపు నా రాజు, ఇంకోవైపు మూలగా 2 డిప్పు 7 లెవెల్ మీది నా బంటు. ఆ బంటు కోసం ముందుజాగ్రత్తగా దాని వెనకే ఒక ఏనుగును కాపలా పెట్టాను. ఇంకో ఏనుగును జరిపి మంత్రికి ఎదురుగా, అదే డిప్పులో చిట్టచివర నిలబెట్టాను. మంత్రి తప్పుకోక తప్పదు. దానికున్న మంచి చోటు ఒకటే, వెనక్కి జారి రాజు పక్కన చేరడం. అక్కడ చేరితే ఇద్దరిదీ సమానమైన ఆటే.

ఎనిమిది రోజులకు కార్డు వచ్చింది: ‘మంత్రి. 2 డిప్పు, 7 లెవెల్.’

మూడుసార్లు చదివాను. ఆ గడిలో నా బంటుంది, దాని వెనక నా ఏనుగుంది. మంత్రి వచ్చి బంటును కొడితే ఏనుగు మంత్రిని కొడుతుంది. బంటుకు మంత్రి! మొదట భయపడ్డాను. గుర్రాన్ని ఇచ్చిన మనిషి, మంత్రిని కూడా ఇస్తున్నాడంటే వెనక ఏదో చావుదెబ్బ ఉండాలి. అడుసు తొక్కనేల కాలు కడగనేల అనుకుంటూనే మూడు రోజులు వెతికాను. ఏమీ లేదు. ఎంత వెతికినా శుద్ధ నష్టం. పైగా ఆయన ఎప్పుడు కొట్టినా ‘కొట్టిన’ అని పెద్దగా రాస్తాడు, అది ఆయన సంబరం. ఈ కార్డు మీద ఆ మాట లేదు.

నాలుగో రోజు మా ఇంటామె బల్ల తుడుస్తూ బోర్డును ఇటుది అటు తిప్పి పెట్టింది. కసురుకోబోయి ఆగిపోయాను. అప్పుడు నా ముందు తెల్లపావులున్నాయి. నల్లపావుల వైపు నుంచి లెక్కపెడితే 2 డిప్పు 7 లెవెల్ అంటే ఏ గడి? వేలితో లెక్కపెట్టాను. తెల్లపావుల వైపు లెక్కలో 7 డిప్పు, 2 లెవెల్. అంటే రాజు పక్కన, మంత్రికి ఉన్న ఒకే ఒక్క మంచి చోటు. బావ నా ఎత్తులు ఊహించడానికి బోర్డు తిప్పి నా వైపు నుంచి చూశాడు. చూసి, తిప్పడం మరిచి, అటు నుంచే లెక్క రాశాడు.

ఇది గనివాళ్లు మాత్రమే చేసే తప్పు. ప్రతి గనికీ రెండు దారులుంటాయి. మెయిన్ దారిలో దిగేవాడు మొదటి లెవెల్ నుంచి లెక్కపెడతాడు. రెండో దారిలో దిగినవాడు పరధ్యానంగా ఉంటే తనకు దగ్గరగా ఉన్నదే మొదటిదనుకుని లెక్కపెట్టుకుంటూ పోయి, ఎక్కడో తేలతాడు. మేమిద్దరం అలా తప్పిపోయిన వాళ్లను ఎందరినో చూసి నవ్వాం. ముప్పై ఏళ్లు గని తిన్న మా బావ మాత్రం చదరంగం బల్ల మీద తప్పిపోయాడు.

ఇప్పుడు ఏం చేయాలి? కార్డు డబ్బాలో పడితే ఎత్తు అయిపోయినట్టే. నేను ఏనుగుతో మంత్రిని కొట్టి రాసి పంపితే తప్పు పట్టేవాడు లేడు. గెలిచినట్టే. ఆయనా నోరు మెదపడు, ఇంకో పదేళ్లు మెదపడు. ‘రాసింది రాసినట్టు’ అనే మనిషినని నాకు లోకంలో పేరుంది. ఆ పేరుతోనే ఒకసారి ఆయన బతుకును భూమి మీదికి ఈడ్చాను. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అడిగితే ఆయన పౌరుషం దెబ్బతింటుంది: ‘నాకు దయ చూపిస్తున్నవా?’ అంటాడు. అడగకపోతే బావ పోతాడు. రెండు రోజులు అన్నం రుచించలేదు.

చివరికి రాశాను. ఏడాదికి పైగా నడిచిన ఆ ఆటలో ఎత్తు కాకుండా మాట రాయడం అదే మొదటిసారి. ‘బావా, బోర్డు తిప్పి పెట్టి లెక్కపెట్టినవా? 7 డిప్పు, 2 లెవెల్ అనుకుంటున్న. అవునా కాదా రాయి. అప్పటిదాక నేను ఎత్తు వెయ్య.’ డబ్బాలో వేసి, చెయ్యి లోపలికి పోతే తీసేసుకుందును కదా అన్నట్టు అక్కడే కాసేపు నిలబడ్డాను.

వారం గడిచింది. పదిహేను రోజులయ్యాయి. అక్క ఫోన్ లేదు. నేను చేస్తే ఎత్తలేదు. మూడో వారం పోస్టుమన్ మా గేటు ముందు ఆగకుండా పోతుంటే, నిన్ను సస్పెండ్ చేయించాలిరా అని మనసులో తిట్టుకున్నాను. మా బుద్ధులు ఎక్కడికి పోతాయి!

ఇరవై నాలుగో రోజు వచ్చింది. ‘తప్పే. 7 డిప్పు, 2 లెవెల్. మిగిలింది కార్డు మీద వద్దు. ఇంటికి రా.’

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. బెల్లంపల్లిలో ఆయన ఇల్లు అడుక్కుంటూ పోయాను, పదేళ్లలో ఒక్కసారీ చూడని ఇల్లు. గుమ్మంలో అక్క నన్ను చూసి చెంగు నోట్లో కుక్కుకుంది. బావ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. జుట్టు మొత్తం తెల్లబడింది, నాకు ఎవరూ చెప్పలేదు. బోర్డు పేర్చి ఉంది. రమ్మనలేదు, కూర్చోమనలేదు. ఎదుటి కుర్చీని గడ్డంతో చూపించాడు.

ఆడాం. మూడు గంటలు పట్టింది. అక్క రెండుసార్లు చాయ్ పెట్టి పోయింది, రెండుసార్లూ చల్లారింది. ఆయన నా గుర్రాన్ని పట్టేశాడు, నేను నా ఏనుగులిచ్చి ఆయన ఏనుగుల్ని తీసేశాను. చివరికి ఇద్దరు రాజులు మిగిలారు, ఇద్దరూ చేతగానివాళ్లు.

“డ్రా,” అన్నాడు బావ. తర్వాత పావులన్నీ మళ్లీ మొదటి జాగాల్లో పేర్చాడు. నా బంటును తోసి, తన రెండు బంట్లను తోసి, రెండో ఎత్తు దగ్గర వేలు పెట్టాడు. “ఇది ఎందుకు కొట్టకపోతివి? ఉత్తగ ఇచ్చిన గద.”

“భయమైంది బావా.”

“బంటును చూసి భయమా?”

“నిన్ను చూసి.”

ఆయన ఆ బంటును తీసి వేళ్ల మధ్య తిప్పాడు. నా ముఖం చూడకుండానే అడిగాడు: “కార్డు మీద అడిగినవు. తప్పా కాదా అని అడిగి ఆగినవు. ఆనాడు గూడ గట్ల ఒక్క మాట అడిగితే ఏం పోతుండె? నా స్కూటర్ మీదనే కూసుంటివి గదరా.”

పదేళ్లుగా ఈ మనిషి నేను రాసినందుకు కోపంగా ఉన్నాడనుకున్నాను. నా న్యాయం నాకుంది కాబట్టి ఆ కోపాన్ని మోశాను కూడా. కానీ ఆయన అడుగుతున్నది అది కానే కాదు.

“చెప్తే నువ్వు తీసెయ్యి అంటవని,” అన్నాను. “నువ్వంటే నేను పోయి ఆ లైను కొట్టేస్తనని. అందుకు భయపడ్డ.”

బావ తల ఊపాడు. “అంటుంటి. కాళ్లు గూడ పట్టుకుంటుంటి. నువ్వు తియ్యకపోతుంటివి. నాకు తెల్వదా నీ సంగతి? ఇద్దరం కొట్లాడుకుంటుంటిమి. తెల్లారి మల్ల గా స్కూటర్ మీదనే డ్యూటీకి పోతుంటిమి. గంతే గదరా బామ్మర్ది.”

నేను ఆ అరుగు మీద, వీధిలో మనుషులు పోతూ వస్తూ ఉండగా, చిన్నపిల్లవాడిలా వెక్కి వెక్కి ఏడ్చాను. ఊరుకో అని ఆయన అనలేదు.